తోకచుక్కల హాజరుపట్టీ



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు ఆదేశించారు. భద్రాద్రి రాముని గురించి, సింగరేణి గనుల గురించి, కిన్నెరసాని అడవుల గురించి నాకన్న బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా గోదావరి ఒడ్డున నీటిమట్టం రిజిస్టర్లతో గడిపినవాణ్ణి. కనుక నాకు తెలిసిన రిజిస్టర్ల దారినే వెళ్లి, ఆకాశంలో తోకచుక్కలకు హాజరుపట్టీ వేసినవారి చరిత్ర రాద్దామనుకున్నాను. గోదావరి గేజికీ తోకచుక్కకూ ఏమిటి సంబంధమని కొందరు నవ్వవచ్చు. ఉన్నదని చెప్పడానికే ఈ వ్యాసం.

మన ప్రాంతంలో ఈ రెండింటినీ ముడిపెట్టింది 1986వ సంవత్సరం. ఆ ఏడాది ఫిబ్రవరి 9న హేలీ తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. ఏప్రిల్ రెండో వారంలో అది మన అడవి చెట్ల కొసలకు కొంచెం ఎగువగా, దక్షిణ దిక్కున, మసక దూదిపింజలాగా కనిపించింది. నాలుగు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఎగరేస్తారంటే ఆ నీటి ఉగ్రరూపం ఎటువంటిదో ఊహించుకోవచ్చు. వరద తీసినాక ఊళ్లలో ఎక్కడ విన్నా ఒకటే మాట: “తోకచుక్క పొడిచింది, గోదారి ముంచింది.” ఇల్లూ గొడ్డూ పోగొట్టుకున్నవారు ఆ మాట అంటుంటే వాదించడానికి ఎవరికి మనసొప్పుతుంది? కానీ ఆ మాట నిజమా కాదా అన్న ప్రశ్న మాత్రం అప్పటినుంచీ నాతోనే ఉన్నది. జవాబు రిజిస్టర్లలోనే దొరికింది.

ముందుగా పూర్వుల సంగతి. ఆరో శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతువుల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. వాటి వల్ల కలిగే ఫలాలను వివరంగా చెప్పాడు. అయితే అవి ఎప్పుడు కనిపిస్తాయో, ఎప్పుడు అస్తమిస్తాయో గణితం ద్వారా తెలుసుకోవడం సాధ్యం కాదని కూడా ఆ మహానుభావుడు దాచుకోకుండా రాశాడు. భయమంతా అక్కడే ఉంది. గ్రహణానికి కూడా ఒకప్పుడు భయపడ్డాం. కానీ పంచాంగంలో ఘడియ విఘడియలతో సహా ముందే రాసి ఉండటంతో ఆ భయానికి ఒక హద్దు ఏర్పడింది. తోకచుక్క పంచాంగానికి లొంగలేదు. చెప్పకుండా వచ్చేవాణ్ణి చూస్తే ఎవరికైనా గుండె దడే కదా!

ఆ దడకు మందు కనిపెట్టినవాడు ఎడ్మండ్ హేలీ. ఆయన 1705లో ఇరవై నాలుగు తోకచుక్కల దారులను లెక్కగట్టి ఒక పట్టికగా ప్రచురించాడు. అందులో 1531, 1607, 1682 సంవత్సరాల తోకచుక్కల దారులు మూడూ ఇంచుమించు ఒకటిగానే ఉన్నాయి. ముగ్గురు కాదు, ఒక్కడే మూడుసార్లు వచ్చిపోయాడని హేలీ గ్రహించాడు. మళ్లీ 1758 ప్రాంతంలో వస్తుందని చెప్పాడు గాని, అది చూడకుండానే 1742లో కాలం చేశాడు. గడువు దగ్గరపడినప్పుడు ఫ్రాన్సులో క్లేరో, లలాండ్, నికోల్ రేన్ లెపోట్ అనే మహిళ, ముగ్గురూ నెలల తరబడి కూర్చుని, గురు శని గ్రహాల లాగుడు వల్ల దానికి ఎంత ఆలస్యమవుతుందో లెక్క వేశారు. 1759 ఏప్రిల్ మధ్యలో, ఒక నెల అటూ ఇటూగా, సూర్యుణ్ణి చుట్టుతుందని తేల్చారు. చుట్టింది మార్చి 13న. దాన్ని మొదట చూసినవాడు పెద్ద పండితుడేమీ కాదు. జర్మనీలో పాలిచ్ అనే రైతు, 1758 క్రిస్మస్ రాత్రి తన సొంత దూరదర్శినితో చూశాడు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. ఆకాశంలో కనిపించే మసక మచ్చ దారిని లెక్కగట్టడం ఎలా? తోకచుక్క ఏ దిక్కున ఉన్నదో కంటికి తెలుస్తుంది గాని, ఎంత దూరంలో ఉన్నదో తెలియదు. ఇక్కడ నాకు గోదావరి గేజి అక్కరకు వచ్చింది. ఒక్క రీడింగు వల్ల నీరు ఎంత ఉన్నదో మాత్రమే తెలుస్తుంది. రెండో రీడింగు తీస్తే పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. మూడోది తీస్తే గాని ఆ పెరుగుదల ఉరవడి హెచ్చుతున్నదా, నెమ్మదిస్తున్నదా అన్నది తెలియదు. తోకచుక్కకూ సుమారుగా అదే న్యాయం. వేరువేరు రాత్రులలో కనీసం మూడు స్థానాలు కావాలి. మూడు స్థానాలతో తోకచుక్క దారిని కట్టే సులువైన పద్ధతిని 1797లో ఓల్బర్స్ అనే జర్మన్ వైద్యుడు ప్రకటించాడు. పగలు రోగులను చూసి రాత్రి చుక్కలను చూసిన మనిషి ఆయన.

మూడో రీడింగు విలువ ఎంతటిదో చెప్పే ఉదంతం మన పక్కనే మద్రాసులో జరిగింది. ఇక్కడ ఒక మాట జ్ఞాపకం చేయాలి. గోదావరికి ఈవలి ఖమ్మం సీమ నిజాం రాజ్యం. ఆవలి భద్రాచలం 1860లో నిజాం చేతినుండి ఇంగ్లీషువారికి పోయి, 1874లో మద్రాసు రాజధానిలో చేరి, మళ్లీ 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. కనుక మన అడవి సరిహద్దుకు ఒక పక్క మద్రాసు వేధశాల, ఇంకో పక్క హైదరాబాదు వేధశాల, రెండూ వారసత్వంగా దక్కాయనుకోవచ్చు.

మద్రాసు వేధశాలకు 1861 నుంచి 1891 దాకా అధిపతిగా ఉన్నవాడు నార్మన్ పాగ్సన్. ఆ రోజుల్లో బీలా అనే తోకచుక్క ఒకటి ఉండేది. ఆరున్నర ఏళ్లకు కొంచెం పైబడి ఒకసారి వచ్చేది. 1846లో అది అందరూ చూస్తుండగానే రెండు ముక్కలయింది. 1852లో ఆ జంట కనిపించింది. ఆ తరువాత జాడ లేదు. 1872 నవంబరు 27 రాత్రి యూరపులో ఉల్కలు వానలా కురిశాయి. బీలా దారిని భూమి దాటిన సమయమది. జర్మనీలోని గాటింగెన్ నుంచి క్లింకర్‌ఫ్యూస్ అనే శాస్త్రవేత్త వెంటనే మద్రాసుకు తంతి కొట్టాడు. బీలా భూమిని రాసుకుంటూ పోయిందని, దక్షిణాన ఫలానా నక్షత్రం దగ్గర వెతకమని దాని సారాంశం. పాగ్సన్ డిసెంబరు మొదటి వారంలో వెతికాడు. నిజంగానే అక్కడ ఒక తోకచుక్క కనిపించింది! రెండు రోజులు దాని స్థానం నమోదు చేశాడు. ఆ తరువాత మబ్బు కమ్మింది. డిసెంబరులో మద్రాసు ఆకాశం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. మబ్బు విడిచేసరికి తోకచుక్క లేదు.

రెండు రీడింగులు ఉన్నాయి, మూడోది లేదు. బీలా దారికి ఆ రెండు స్థానాలూ సరిపడలేదు. వేరే దారి కడదామంటే లెక్క చాలలేదు. ఆ తోకచుక్క ఏది, ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది నేటికీ తేలని వ్యవహారమే. ఒక్క రాత్రి హాజరు పడకపోతే ఫైలు శాశ్వతంగా మూతపడదు, తెరిచే ఉంటుంది.

సరే, స్థానం అంటున్నాం. దేన్నిబట్టి స్థానం? గేజి రాయి కదలకుండా ఉంటేనే నీటిమట్టానికి అర్థం. ఆకాశంలో గేజి రాళ్లు నక్షత్రాలే. తోకచుక్క పక్కనున్న నక్షత్రాల స్థానాలు కచ్చితంగా తెలిస్తేనే దాని స్థానం తేలుతుంది. ఈ గేజి రాళ్లు పాతిన పనిలో మన హైదరాబాదు వాటా చాలా పెద్దది.

ఇంగ్లండులో చదువుకుని వచ్చిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో పదిహేను అంగుళాల దూరదర్శిని తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశాడు. ఆయన 1907లో కాలం చేశాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని, తరువాత బేగంపేటలో స్థిరపరచింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. అంతకుముందే 1887లో పారిస్‌లో జరిగిన సమావేశం, ఆకాశమంతటినీ పట్టీలుగా చీల్చి, దేశదేశాల వేధశాలలకు పంచి, నక్షత్రాలన్నిటినీ ఫోటో తీసి పట్టిక కట్టాలని నిర్ణయించింది. ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదుకు వచ్చింది. అది పూర్తిచేసి, తరువాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా నెత్తిన వేసుకున్నారు. చాట్‌వుడ్ ఏర్పాట్లు చేయగా, పోకాక్ పని నడిపించగా, 1918 నుంచి 1944 దాకా డైరెక్టరుగా ఉన్న టి.పి. భాస్కరన్ దాన్ని కొనసాగించారు.

పని ఎలా జరిగేదో ఊహించండి. రాత్రి తీసిన గాజు పలక మీద నిలువు అడ్డ గీతల గళ్లు ముద్రించి ఉంటాయి. పగలు సహాయకులు దాన్ని కొలత యంత్రంలో పెట్టి, ఒక్కొక్క గడిలో ఉన్న ఒక్కొక్క చుక్క నిలువెంత, అడ్డమెంత, మచ్చ ఎంత లావు అని చూసి రాయాలి. కంప్యూటర్లు లేవు, కాలిక్యులేటర్లు లేవు. ఇట్లా ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు! పన్నెండు సంపుటాలు అచ్చయ్యాయి. ఖజానా కార్యాలయంలో లెడ్జర్లు తిరగేసినవారికి, సర్వే శాఖలో ఫీల్డు పుస్తకాలు నింపినవారికి ఆ పని బరువు వేరే చెప్పనక్కరలేదు.

ఆ శ్రమ వృథా పోలేదు. 1986లో హేలీ తోకచుక్క దక్షిణానికి దిగుతూ సరిగ్గా ఆ హైదరాబాదు పట్టీని దాటే వెళ్లింది. ఇంకా విశేషం, 2000 సంవత్సరంలో ప్రకటించిన టైకో-2 అనే నక్షత్ర పట్టికలో, నక్షత్రాలు ఏళ్ల తరబడి ఎంతెంత జరిగాయో తేల్చడానికి ఉపగ్రహం కొలతలను ఈ పాత పట్టికల కొలతలతోనే పోల్చారు. ఉపగ్రహం ఎంత గొప్పదైనా వందేళ్లు వెనక్కి వెళ్లి కొలవలేదు కదా! ఆ పని బేగంపేట గదిలో ఎవరో ఉద్యోగి అప్పటికే చేసి పెట్టాడు.

ఆ వేధశాల నీడలోనే ఒక పిల్లవాడు పెరిగాడు. తండ్రి అక్కడ సహాయకుడు. ఆ పిల్లవాడే వైను బప్పు. 1927లో మద్రాసులో పుట్టి, హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డుకు వెళ్లాడు. వెళ్లిన కొద్ది నెలలకే, జూలై 2న తీసిన ఫోటో పలకలో ఇంతకుముందు ఎవరూ ఎరగని ఒక మసక చార ఆయన కంటపడింది. అది కొత్త తోకచుక్క. తోటి పరిశీలకులతో కలిపి దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. చూసి ఊరుకోలేదు. దారి లెక్కగట్టి, మళ్లీ రావడానికి సుమారు అరవై వేల ఏళ్లు పడుతుందని తేల్చారు. ఆ కృషికి బప్పుకు డోనో తోకచుక్క పతకం లభించింది. తరువాత స్వదేశం వచ్చి, 1960 నుంచి కొడైకెనాల్ వేధశాలకు అధిపతియై, కావలూరులో గొప్ప వేధశాలను నిర్మించి, 1979లో అంతర్జాతీయ ఖగోళ సమితికి అధ్యక్షుడై, 1982లో కన్నుమూశారు. ఇంట్లో రాత్రి రిజిస్టరు రాసే తండ్రిని చూసి పెరిగిన పిల్లవాడికి గాజు పలక మీది చార కనబడటంలో ఆశ్చర్యమేమున్నది?

ఇక వెలుగు సంగతి. తోకచుక్క దారి పంచాంగానికి లొంగింది గాని వెలుగు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. నక్షత్రాల వెలుగును తరగతులుగా లెక్కించడం ప్రాచీన గ్రీకుల నాటిది. ఒక తరగతికీ తరువాతి తరగతికీ వెలుగులో సుమారు రెండున్నర రెట్లు తేడా ఉండాలని 1856లో కొలత నిర్ణయించినవాడు, పైన చెప్పిన మద్రాసు పాగ్సన్ గారే. ఆ లెక్కన ఒకటో తరగతి నక్షత్రం ఆరో తరగతి నక్షత్రానికి వంద రెట్లు. తోకచుక్క వెలుగు మనకూ దానికీ గల దూరం మీద, సూర్యుడికీ దానికీ గల దూరం మీద కూడా ఆధారపడి ఉంటుంది. సూర్యుడి వేడికి దానిలోని మంచు ఆవిరై ధూళిని చిమ్మితేనే తల వెలుగుతుంది, తోక సాగుతుంది. ఎంత చిమ్ముతుందో ఆ మంచుగడ్డ తత్త్వాన్ని బట్టి ఉంటుంది. 1973లో కొహౌటెక్ తోకచుక్క బ్రహ్మాండంగా వెలుగుతుందని పత్రికలు ఊదరగొట్టాయి. చెప్పిన దారినే వచ్చింది, చెప్పినంత వెలగలేదు. 2013లో ఐసాన్ అనేది నవంబరు 28న సూర్యుణ్ణి చుట్టబోయి ముక్కలై మాయమయింది.

హేలీ సంగతే చూడండి. 1910 మేలో అది భూమికి సుమారు 2 కోట్ల 30 లక్షల కిలోమీటర్ల దూరంలోకి వచ్చి ఆకాశమంతా తోక పరచింది. లోకం అంతమవుతుందని దేశదేశాల జనం బెంబేలెత్తారు. అదే ఏడాది మన గురజాడ అప్పారావు గారు ‘ముత్యాల సరములు’ గేయంలో ఆ తోకచుక్కను అరిష్టంగా గాక సంఘ సంస్కరణకు పతాకగా దర్శించారు. 1986లో అది సూర్యుణ్ణి చుట్టేటప్పుడు మనకు సూర్యుడి ఆవలి పక్కన ఉండిపోయింది. ఏప్రిల్ 11న మనకు దగ్గరైనప్పుడు కూడా దూరం ఆరు కోట్ల కిలోమీటర్ల పైమాటే. అందుకే తాతలు చెప్పిన తోకచుక్క, మనం చూసిన తోకచుక్క ఒకటేనంటే చాలామంది నమ్మలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తోకచుక్క గోదావరిని ముంచిందా? రిజిస్టర్లు పక్కపక్కన పెడదాం. 1997లో హేల్-బాప్ అనే తోకచుక్క, హేలీ కన్న ఎన్నో రెట్లు వెలుగుతో, వారాల తరబడి సాయంకాలం వాయవ్య దిక్కున పిల్లలకు కూడా కనిపించింది. భద్రాచలం పెద్ద వరదల జాబితాలో 1997 లేదు. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అప్పుడు కంటికి ఆనే పెద్ద తోకచుక్క ఏదీ ఆకాశంలో లేదు. 1986 వరదకు కారణం మహారాష్ట్ర మొదలు మన దాకా పరీవాహక ప్రాంతంలో కుంభవృష్టి. ఆ నీరు ఎగువ గేజిలలో ముందే కనిపించింది. వాటి రీడింగులను బట్టే దిగువకు హెచ్చరికలు వెళ్లాయి. వరదలో ప్రాణాలు కాపాడేది నీటిమట్టం కబురు. తోకచుక్కను తిడుతూ కూర్చుంటే ఆ కబురు మీద నమ్మకం సడలుతుంది. ఎవరైనా ఊరు ఖాళీ చేయమంటే, “అంతా పైవాడి రాత” అనుకుని కూర్చునే మనిషికి అది ప్రాణాపాయం. అందుచేతనే ఈ సంగతి ఇంతగా చెప్పవలసి వచ్చింది.

మనవాళ్లకు ఒక మనవి. మన అడవి సరిహద్దు పల్లెలలో రాత్రి ఆకాశం పట్నాల కన్న ఇంకా నల్లగా ఉంటుంది. 2024 అక్టోబరులో చుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క పొద్దుగూకినాక పడమట కనిపించినట్లు, ఇకముందూ కొత్తవి వస్తూనే ఉంటాయి. చూసినప్పుడు చేతులెత్తి దండం పెట్టినా తప్పులేదు గాని, ఒక నోటుబుక్కు కూడా పెట్టండి. తేదీ, గంట నిమిషాలు, ఏ నక్షత్రానికి ఎటు పక్క ఎన్ని వేళ్ల దూరం, తోక ఎంత పొడవు, ఏ దిక్కుకు – ఇవి రాయండి. వెలుగు అంచనాకు మన వయసు వారికి ఒక సదుపాయం ఉన్నది. దూరపు చూపుకు అద్దాలు వాడేవారు అద్దాలు తీసి చూస్తే నక్షత్రాలు కూడా తోకచుక్కలాగే అలుక్కుపోయి మసక ముద్దలవుతాయి. అప్పుడు దానితో సమానంగా వెలిగే నక్షత్రం ఏదో పోల్చుకోవడం తేలిక. అనుభవజ్ఞులైన పరిశీలకులు దూరదర్శినిని కొంచెం అటూ ఇటూ తిప్పి చేసే పని ఇదే. వరుసగా మూడు రాత్రులు రాస్తే అది రికార్డు అవుతుంది.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరు 9న తన దారిలో సూర్యుడికి అత్యంత దూరపు కొసకు, సుమారు 525 కోట్ల కిలోమీటర్లకు చేరి, మళ్లీ ఇటు తిరిగింది. 2061 జూలైలో సూర్యుణ్ణి చుడుతుంది. మనలో ఎవరమూ ఉండకపోవచ్చు. మన మనుమలూ మునిమనుమలూ ఉంటారు. రాక తేదీ వారికి ఇప్పటికే రాసి ఉన్నది. దాని వెనుక ఎన్ని తరాల ఉద్యోగుల రాత్రులున్నాయో, ఒకరు రిటైరైతే ఇంకొకరు అదే పేజీ కింద ఎలా రాస్తూ పోయారో, ఆ సంగతి మనమే వారికి చెప్పి వెళ్లాలి.